సాధ్యాన్ని కొన్నవాళ్లు



మీ ఇంట్లో తాతల నాటి పొలం దస్తావేజు ఏదైనా ఉంటే, తీరిక ఉన్నప్పుడు ఒకసారి విప్పి చూడండి. మడతల దగ్గర చిరిగి ఉంటుంది, జాగ్రత్త. నాలుగు వైపులా సరిహద్దులు చెప్పడం అయ్యాక, సొమ్ము అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయడం అయ్యాక, ఒకచోట లేఖరి కలం ఉన్నట్టుండి సంస్కృతంలోకి దిగుతుంది. నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షీణి, ఆగామి, సిద్ధం, సాధ్యం. వీటినే అష్టభోగాలంటారు. ఈ ఎనిమిదింటితో సహా పుత్రపౌత్ర పారంపర్యంగా అనుభవించుకొమ్మని అమ్మినవాడు కొన్నవాడికి రాసిస్తాడు. శాసనాల కాలం నుంచీ వస్తున్న మాట ఇది. చిన్నప్పుడు మా నాన్నగారు ఈ ముక్క పైకి చదువుతుంటే ఏదో మంత్రం అనుకునేవాణ్ణి.

నిధి అంటే నేలలో దొరికే ధనం. నిక్షేపం అంటే దాచిపెట్టిన సొత్తు. నీళ్లూ రాళ్లూ తెలిసినవే. అక్షీణి తరగని రాబడి, ఆగామి ఇకమీదట రాబోయేది, సిద్ధం ఇప్పటికే నేలమీద ఉన్నది. ఆఖరిది సాధ్యం. ఆ నేలని ఇకముందు ఏం చేసుకోవచ్చో అది. గుంట పూడ్చి మడి చెయ్యొచ్చు, మడి తవ్వి చేపల చెరువు చెయ్యొచ్చు, చెరువు పూడ్చి ప్లాట్లు వెయ్యొచ్చు. ఈ రోజుల్లో భూమి ధరలో ముప్పాతిక వంతు ఈ ఎనిమిదో భోగానిదేనని నా అనుమానం.

అసలు ఈ ఎనిమిదీ ఒక్క మూటగానే చేతులు మారాలా? ఏడింటిని నా దగ్గరే ఉంచుకుని, ఎనిమిదోదాంట్లో ఒక్క ముక్కని మాత్రం అమ్ముకోవచ్చా? అమ్ముకుంటే కొనేదెవరు, కొని ఏం చేసుకుంటారు? ఏమీ చేసుకోరు. ఎవరూ ఏమీ చెయ్యకుండా ఉండటానికే కొంటారు. అమెరికాలో ఉత్తర డకోటా అనే రాష్ట్రంలో ఇలాంటి బేరాలు అరవై ఏళ్లకు పైగా జరుగుతున్నాయి. ఈ పూట ఆ సంగతి చెబుతాను.

మా అబ్బాయి ఉద్యోగం ఆ రాష్ట్రంలోనే, ఫార్గో అనే ఊళ్లో. ఓ మే నెలలో మేం అక్కడ ఉన్నప్పుడు కార్లో పడమటి వైపు జేమ్స్‌టౌన్ దాకా తీసుకెళ్లాడు. సుమారు 150 కిలోమీటర్లు. మొదటి ముప్పావుగంట చూడటానికేమీ లేదు. మన డెల్టా కన్నా బల్లపరుపు. ఒకప్పుడు అదంతా మంచు కరిగిన నీటితో నిండిన మహా సరస్సు అడుగట. ఆ అడుగు దాటాక నేల కాస్త మెట్టపల్లాలుగా మారింది, రోడ్డుకి రెండు పక్కలా నీటి గుంటలు మొదలయ్యాయి. ఒకటీ రెండూ కాదు. పొలం మధ్యలో ఒకటి, పొలం మూల మీద రెండు, ఇంటి వెనక ఒకటి, కంచె ఇవతల సగం, అవతల సగం. ఆకాశం ముక్కలై పొలాల్లో రాలిందా అన్నట్టున్నాయి. మా ఆవిడ మాత్రం, "ఇన్ని గుంటలు పెట్టుకుని వీళ్లు దుక్కి ఎలా దున్నుతారండీ?" అంది. రైతుబిడ్డ కదా.

ఆ గుంటలు మనుషులు తవ్వినవి కావు. పన్నెండు వేల ఏళ్ల కిందట, అటూ ఇటూగా, ఉత్తరాన్నించి దిగివచ్చిన మంచు పలకలు వెనక్కి తగ్గుతూ తగ్గుతూ గడ్డలు గడ్డలుగా మట్టిలో కూరుకుపోయాయి. ఆ గడ్డలు కరిగినచోట గుంట మిగిలింది. వాటికి వాగు లేదు, కాలువ లేదు. మంచు కరిగినప్పుడు నిండుతాయి, ఎండలు ముదిరితే చాలావరకు ఇంకిపోతాయి. డకోటాలు రెండూ, మినెసోటా, అయోవా, మోంటానాల్లో కొంత, పైన కెనడా మైదానాలు కలిపి ఈ గుంటల సీమ. చదరపు మైలుకి వంద గుంటలున్న చోట్లూ ఉన్నాయి. ఎక్కువ భాగం ఎకరం కన్నా చిన్నవి. తెలంగాణలో గుంటంటే ఎకరంలో నలభయ్యో వంతు కూడాను. అక్కడి నీటి గుంటలు చాలా మట్టుకు ఆ గుంటల్లోనే కొలవాలి.

బాతులకి ఇది పుట్టిల్లు. ఉత్తర అమెరికా బాతుల్లో సగానికి పైగా ఈ సీమలోనే పొదుగుతాయని అంచనా. మనకి కొల్లేరులో, తెలంగాణ చెరువుల్లో శీతకాలం కనిపించే సూదితోక బాతు ఉందే, అదే జాతి అక్కడా ఉంది. మనకొచ్చే మంద ఆసియా ఉత్తర భాగంలో పుట్టేది, అక్కడ కనిపించేది వేరే మంద. జాతి మాత్రం ఒకటే. మేం చూసినప్పుడు ఓ జంట కొయ్యకాళ్లు మిగిలిన గోధుమ పొలంలో, మోకాల్లోతు కూడా లేని నీటిలో తలకిందులుగా మునిగి, తోకలు పైకి పెట్టి మేస్తున్నాయి. ఆ నీళ్లు జూన్ దాకా నిలుస్తాయో లేదో. కానీ బాతుకి కావలసింది సరిగ్గా అవే. లోతు తక్కువ గుంట మిగతావాటి కన్నా ముందు కరుగుతుంది, ముందు వెచ్చబడుతుంది, పురుగూ పుట్రా ముందు పుడుతుంది. గుడ్లు పెట్టే ముందు ఆడబాతుకి ఆ పురుగే బలం. పెద్ద సరస్సు ఒక్కటిచ్చి ఈ చిన్న గుంటలు వందా తీసేసుకుంటామంటే బాతు ఒప్పుకోదు. జంట జంటకీ విడిగా నీటి వాటా కావాలి మరి. అన్నదమ్ముల పంపకాల కన్నా కష్టం.

ఇక రైతు పక్కకి వద్దాం. మా ఆవిడ అడిగిన ప్రశ్న వాళ్లు నూట యాభై ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు. విత్తే యంత్రం వెడల్పు అరవై అడుగులు. గుంట వచ్చిన ప్రతిచోటా చుట్టూ తిప్పుకురావాలి, తిప్పిన చోట విత్తనం రెండుసార్లు పడుతుంది, ఎరువు రెండుసార్లు పడుతుంది, మెత్తటి అంచున చక్రం దిగబడితే ఆ పూటంతా పోయినట్టే. తడి ఏడాది వస్తే గుంట పెరిగి పక్క ఎకరం కూడా మింగుతుంది. అప్పుడు రైతు చేసేదేమిటి? ఒక కాలువ తీసి రోడ్డు పక్క గోతిలోకి వదిలేస్తాడు. లేదా నేలలో చిల్లుల గొట్టాలు పరిచి నీటిని లాగేస్తాడు. మొక్కజొన్నకీ సోయాకీ ధర బాగున్న ఏళ్లలో ఆ గొట్టాల పని జోరందుకుంది. అతన్ని తప్పుపట్టే మొహం మనకి లేదు. డెల్టాలో మనం చేసిందీ అదే కదా.

పైగా ప్రభుత్వమే ఎండగట్టమంది. 1849, 1850, 1860ల్లో అక్కడి కాంగ్రెస్ చట్టాలు చేసి మరీ చిత్తడి నేలలని రాష్ట్రాలకి ధారాదత్తం చేసింది, ఆరబెట్టి సాగులోకి తెమ్మని. దేశం పుట్టినప్పుడు దిగువ నలభై ఎనిమిది రాష్ట్రాల్లో 22 కోట్ల ఎకరాలున్న తడి నేల, 1980ల నాటికి సుమారు 10 కోట్ల 40 లక్షల ఎకరాలకి దిగింది. అయోవాలో పదింట తొమ్మిది వంతులు పోయింది.

బాతులు తగ్గుతున్నాయని ముందుగా మొత్తుకున్నది ఎవరనుకుంటున్నారు? వాటిని కాల్చుకుతినేవాళ్లు. 1930ల కరువులో గుంటలు ఎండి, బాతులు కరువై, వేటగాళ్లే వెళ్లి మా మీద పన్ను వెయ్యండని అడిగినంత పని చేశారు. 1934లో బాతు స్టాంపు చట్టం వచ్చింది. నీటిపక్షుల వేటకి వెళ్లే పదహారేళ్లు నిండిన ప్రతి ఒక్కరూ ఏటా ఆ స్టాంపు కొనాలి. మొదటి స్టాంపు ధర ఒక డాలరు, దాని మీద బొమ్మ గీసింది డింగ్ డార్లింగ్ అనే పత్రికా వ్యంగ్య చిత్రకారుడు. అప్పట్లో అడవి జంతువుల శాఖకి పెద్దగా కూర్చున్నదీ ఆయనే. కార్టూనిస్టుకి శాఖ అప్పగించిన ప్రభుత్వాన్ని మెచ్చుకోవాలో, ఒప్పుకున్న కార్టూనిస్టుని మెచ్చుకోవాలో తెలియదు. ఇప్పుడా స్టాంపు 25 డాలర్లు. డాలరుకి 98 సెంట్లు పక్షుల నేల కోసమే ఖర్చవుతాయి.

మొదట్లో ఆ డబ్బుతో పెద్ద పెద్ద ఆశ్రయాలకి నేల కొన్నారు. కొన్నాక తెలిసింది చిక్కు. ఈ గుంటలన్నీ రైతుల పొలాల మధ్యలో చెల్లాచెదురుగా ఉంటే ఎన్నని కొంటారు? అరెకరం గుంట కోసం పొలమంతా కొనాలా? 1958లో చట్టాన్ని సవరించారు. పొలం కొనక్కర్లేదు, గుంటని ఎండగట్టే హక్కు ఒక్కటే రైతు దగ్గర కొనుక్కుంటే చాలు. ఈజ్‌మెంటు అన్నారు దాన్ని.

ఈ మాట మనకి కొత్తదేం కాదు. మన దస్తావేజుల్లో ఉంటుంది, కోర్టుల్లో అరిగిపోయింది. నా పొలంలోంచి నీ బండి పోయే దారి హక్కు, నా గట్టు పక్కగా నీ బోదె పారే హక్కు. అవన్నీ పక్కవాడు వచ్చి ఏదో చేసుకునే హక్కులు. డకోటా కాగితం అందుకు తిరగేసిన రకం. రానక్కర్లేదు, పోనక్కర్లేదు. నువ్వు కాలువ తియ్యకు, పూడ్చకు, చదును చెయ్యకు, గుంటలో పెరిగిన తుంగకి నిప్పు పెట్టకు. అంతే. మిగతాదంతా నీదే. నీళ్లు వాటంతట అవే ఇంకితే గుంట అడుగున కూడా విత్తుకో, పశువుల్ని మేపుకో, గడ్డి కోసుకో. వేట హక్కు నీదే, ఎవణ్ణీ లోపలికి రానివ్వక్కర్లేదు. భూమి కింద ఏదైనా ఉంటే అదీ నీదే. అంటే మన లెక్కలో నిధి, నిక్షేపం, పాషాణం రైతువి. సిద్ధం రైతుది. సాధ్యంలో ఒక్క పాయ మాత్రం ప్రభుత్వం కొనుక్కుంది. కొని తాళం పెట్టింది.

డబ్బు ఒక్కసారే ఇస్తారు. కాగితం కౌంటీ రిజిస్టరులో ఎక్కుతుంది. మన ఈసీలో తనఖా కనిపించినట్టు, తరవాత ఎవరు కొన్నా ఆ పొలంతోబాటు అదీ వస్తుంది. గడువు? గడువు లేదు. ఎప్పటికీ.

ఇక్కడ కాసేపు ఆగుతాను. అసలు కథ ఈ "ఎప్పటికీ" అన్న మాటలోనే ఉంది.

1963లో ఓ రైతు సంతకం పెట్టాడనుకోండి. వచ్చిన డబ్బుతో పాత ట్రాక్టరు మార్చుకున్నాడు. ఆయన పోయాడు, ట్రాక్టరు తుప్పు పట్టి పోయింది, కొడుకు వ్యవసాయం చేసి మానేశాడు, ఇప్పుడు మనవడు జీపీఎస్ యంత్రంతో దున్నుతున్నాడు. గుంట దగ్గరకొచ్చేసరికి తాత సంతకం అడ్డొస్తుంది. డబ్బు తాతకి, చుట్టూ తిప్పే చాకిరీ మనవడికి. పుత్రపౌత్ర పారంపర్యంగా అన్న మాట తీపి ఒక్కటే మనం చూశాం. చేదు చూడాలంటే డకోటా వెళ్లాలి.

తగాదాలు రాకుండా ఎలా ఉంటాయి? 1976కి ముందు రాసిన కాగితాలకి పటం లేదు. ఫలానా సెక్షనులో ఫలానా ముక్క, అందులో ఇన్ని ఎకరాల తడి నేల అని ఓ అంకె, అంతే. ఏ గుంట, ఎక్కడ, ఎంత మేర అన్నది గీసి లేదు. తడి ఏళ్లలో గుంటలు పెరిగితే అవీ మావేనంది అడవి జంతువుల శాఖ. కాదన్నారు రైతులు. 1996లో అప్పీలు కోర్టు రైతుల వైపు మొగ్గింది. నీరు ఎంత పారితే అంతా కాదు, కాగితాల్లో లెక్కకట్టిన ఎకరాలే మీరు కొన్నారు అని. ఆ పాత కాగితాలకి పటాలు గీసి యజమానులకి పంపి, అభ్యంతరాలుంటే చెప్పుకోమనే పని 2020లో గానీ ఊపందుకోలేదు. సర్వే లేకుండా సంతకాలు పెట్టించుకుంటే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

అంతకు ముందు రాష్ట్ర ప్రభుత్వమే కేంద్రంతో గొడవకి దిగింది. 1961 నుంచి 1977 దాకా ఉత్తర డకోటా గవర్నర్లు వరసగా, మా రాష్ట్రంలో ఇన్ని ఎకరాలు తీసుకోండని సమ్మతి రాసిచ్చారు. 1977లో అక్కడి శాసనసభ గాలి మార్చింది. ఎప్పటికీ అంటే కుదరదు, 99 ఏళ్లు దాటకూడదు, ఇంకా ఈ షరతు, ఆ షరతు అంటూ చట్టాలు చేసింది. గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1983లో కోర్టు, ఒకసారి ఇచ్చిన సమ్మతి వెనక్కి తీసుకోవడానికి లేదు, ఆ ఎకరాలకి ఈ షరతులు చెల్లవు అని తేల్చింది. మిగతా ఈజ్‌మెంట్లకి మాత్రం ఈనాటికీ ఆ రాష్ట్రంలో 99 ఏళ్లే హద్దు. నన్నడిగితే ఆ శాసనసభ అడిగిన ప్రశ్నలో న్యాయం ఉంది. పుట్టని మనవడి చేతులు కట్టేసే హక్కు తాతకెక్కడిది? కానీ ఆ లెక్కన గుంట పూడ్చేసే హక్కు మాత్రం తాతకెక్కడిది? పూడిక కూడా ఎప్పటికీనే కదా. మంచు పలక మళ్లీ వచ్చి తవ్విపెట్టదు.

ఎప్పటికీ అన్నాక ఎప్పటికీ కాపలా కూడా ఉండాలి. కాగితం ఉన్న గుంటకీ లేని గుంటకీ కంటికి తేడా తెలియదు. అందుకని ఏటా శరదృతువులో, కోతలయ్యాక, శాఖవాళ్లు చిన్న విమానాలు వేసుకుని పొలాల మీద తిరుగుతారు. కొత్త కాలువ ఎక్కడైనా గీత గీసినట్టు కనిపిస్తుందా అని. కనిపిస్తే కబురు, వినకపోతే కోర్టు, కాలువ పూడ్చి గుంటని మునుపటిలా చేసివ్వాల్సిందే. ఇప్పుడు కాలువకి బదులు గొట్టాలు వచ్చాయి, అవి పైకి కనపడవు. పక్క మడిలో గొట్టాలు వేసినా గుంటలో నీళ్లు లాగేస్తాయి కనుక, గుంటకి ఇంత దూరంలో వెయ్యాలి అని లెక్కలు కట్టి ఇస్తున్నారు.

ఇంకో లోపం ముందు ఎవరికీ తట్టలేదు. బాతు నీటిలో ఈదుతుంది గానీ గూడు గడ్డిలో పెడుతుంది, ఒక్కోసారి నీటికి కిలోమీటరు దూరాన. గుంట కాపాడి చుట్టూ గడ్డి అంతా దున్నేస్తే ఏం లాభం? సూదితోక బాతు మరీ అమాయకురాలు, కొయ్యకాళ్ల మధ్యనే గుడ్లు పెడుతుంది, వారం తిరక్కుండా నాగలి వస్తుంది. అందుకని గడ్డి నేలకి వేరే ఈజ్‌మెంటు పెట్టారు. దున్నకూడదు, మేపుకోవచ్చు, గడ్డి కోత మాత్రం జూలై 15 తరవాతే, పిల్లలు గూడు వదిలాక.

పన్ను మినహాయింపు దారి ఇంకొకటుంది, అది గబగబా చెప్పేస్తాను. ఈ హక్కుని ప్రభుత్వానికి అమ్మకుండా, భూములు కాపాడే ధర్మసంస్థకి దానం ఇచ్చినా చెల్లుతుంది. హక్కు ఉన్నప్పుడు నేల విలువ ఎంత, పోయాక ఎంత, ఆ తేడాని దానంగా లెక్కగట్టి పన్నులో తగ్గిస్తారు. విలువ కట్టేవాడు మనవాడైతే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. కొందరు తెలివిమంతులు వాటాదారుల్ని పోగుచేసి, నేల చవగ్గా కొని, ఇక్కడ పెద్ద హోటలు కట్టగలిగేవాళ్లం సుమా అని కోట్ల విలువ వేయించి, ఆ సాధ్యాన్ని త్యాగం చేసినట్టు కాగితం పుట్టించారు. 2022 చివర్లో కాంగ్రెస్, పెట్టుబడికి రెండున్నర రెట్లకి మించిన మినహాయింపు చెల్లదని దానికి కళ్లెం వేసింది.

మరి మన దగ్గరో? ఈ కాగితం ఇక్కడ రాస్తే నిలవదు. మన ఈజ్‌మెంట్ల చట్టం 1882 నాటిది. దాని ప్రకారం ఈజ్‌మెంటు పుట్టాలంటే రెండు భూములుండాలి, ఒకదాని అనుభవం కోసం ఇంకోదాని మీద హక్కు. పక్కన గజం నేలైనా లేని పక్షుల శాఖ వచ్చి మీ గుంట మీద ఈజ్‌మెంటు కావాలంటే ఆ చట్టంలో చోటు లేదు. అమెరికాలోనూ పాత ఆంగ్ల న్యాయం ప్రకారం ఇదే చిక్కు ఉండేది. ఒక్కో రాష్ట్రం కొత్త చట్టం చేసుకుని దాన్ని దాటింది.

నాకు డకోటాలో ఉన్నంతసేపూ కొల్లేరే గుర్తొచ్చింది. 1999లో అయిదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లని పక్షుల అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. 2006లో చేపల చెరువుల గట్లు తెంపారు. ఆ కాంటూరు లోపల ప్రభుత్వ నేలా ఉంది, ఆక్రమణలూ ఉన్నాయి, వాటితోబాటు తాతల నాటి దస్తావేజులున్న జిరాయితీ భూములూ వేల ఎకరాలున్నాయి. నేనన్నానే, మడత దగ్గర చిరిగిన కాగితాలు, అష్టభోగాలతో. ఆక్రమించినవాడికీ, అష్టభోగాలూ కొనుక్కున్నవాడికీ ఒక్కటే గీత గీస్తే, ఆ రెండోవాడు కాంటూరు తగ్గించమని పాతికేళ్లు అడగడూ? అడుగుతూనే ఉన్నాడు. 2008లో మూడో కాంటూరుకి కుదించమని శాసనసభ తీర్మానమే చేసింది. సాధ్యాన్ని తీసుకోవడం వేరు, కొనడం వేరు. కొంటే కనీసం అది అతనిదేనని ఒప్పుకున్నట్టవుతుంది.

తిరిగొచ్చాక ఈ కథంతా ఆకివీడు దగ్గర ఉండే మా బావమరిదికి చెప్పాను. అతనికి లంకల్లో జిరాయితీ ఉంది. మూడు ఎకరాల చిల్లర. నిశ్శబ్దంగా విన్నాడు.

"అయితే బావా, చెరువు తవ్వకుండా ఉన్నందుకు డబ్బులిస్తారన్నమాట."

"అవును. నేల నీదే. వరి వేసుకో, గేదెల్ని మేపుకో. గట్టు మాత్రం కట్టకూడదు."

"ఎకరానికి ఎంతంటావు?"

"అది బేరం. ఒక్కసారే ఇస్తారు."

"ఒక్కసారేనా? లీజు ఏడాదికేడాది వస్తుంది కదా."

నేనేం మాట్లాడలేదు. అతను కాసేపు లెక్క వేసుకున్నాడు. తరవాత లోపలికెళ్లి ఇనప్పెట్టెలోంచి దస్తావేజు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ఆ సాధ్యం అన్న మాట ఇందులో ఎక్కడుందో ఓసారి చూపించు."